బంగారు గింజల్ని దంచాలా?

దీర్ఘాయువు కోరిన యజమాని ఒకడు యజ్ఞం తలపెట్టాడు. తైత్తిరీయ సంహిత చెప్పిన ప్రకారం ప్రజాపతికి చరువు అనే వంటకాన్ని సమర్పించాలి. మామూలుగా చరువు వండేది బియ్యంతో. వడ్లు తెచ్చి, రోట్లో పోసి, రోకలితో దంచి, పొట్టు చెరిగి, ఆ బియ్యాన్ని వండుతారు. కానీ ఈ యజ్ఞంలో వడ్లు లేవు. గురివింద గింజ ఎత్తు తూగే బంగారు తునకలు నూరు తీసుకుని నేతిలో ఉడికించమంది శాస్త్రం. మూల యజ్ఞంలో ఏమేం చేస్తారో దాని పోలికలో నడిచే యజ్ఞంలోనూ అవన్నీ చేయాలన్నది సాధారణ నియమం. మరి బంగారు తునకల్ని కూడా రోట్లో వేసి దంచాలా?

వేదవిధుల అర్థాన్ని తేల్చే మీమాంసకులు ఈ ప్రశ్నను ఎంతో శ్రద్ధగా విచారించారు. వారి మూలగ్రంథమైన జైమిని సూత్రాల్లో పన్నెండు అధ్యాయాలుంటే, పదో అధ్యాయం మొత్తం ఇలాంటి చిక్కులకే కేటాయించారు. ఒక చోట చేయవలసిన పని ఇంకో చోట ఎప్పుడు రద్దవుతుంది, ఎప్పుడు రద్దు కాదు అన్నదే అక్కడి విచారణ. బంగారం విషయంలో వారిచ్చిన తీర్పు స్పష్టం. దంచడం పొట్టు తీయడానికి. బంగారానికి పొట్టు లేదు. కాబట్టి దంపుడు అక్కర్లేదు.

ఈ తీర్పు యజ్ఞశాల గోడల మధ్యే ఉండిపోవలసింది కాదు. ఇంటింటా తెల్లవారుజామున దాని అవసరం ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదులోనో ఆదిలాబాదులోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా, తాళం తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి, పది నిమిషాల పాటు అలా వదిలేసిన కారు ఒక్కటైనా కనిపిస్తుంది. యజమాని పక్కన నిలబడి అద్దాలు తుడుచుకుంటూ ఉంటాడు. కొడుకు వచ్చి వెంటనే కదిలించబోతే తండ్రి ఆపుతాడు: "కాసేపు వేడెక్కనివ్వరా, అప్పుడే లాగిస్తే ఇంజన్ పాడైపోదూ?" ఆ మాట ఆయనకు ఆయన తండ్రో, మొదటి మెకానిక్కో, డ్రైవింగ్ నేర్పిన మేనమామో చెప్పి ఉంటారు. కదిలే ముందు ఇంజన్‌ని వేడెక్కించాలా వద్దా అన్నది చూడటానికి షెడ్డులో తేలిపోయే చిన్న సంగతి. తరచి చూస్తే, ఒక తరం తన అనుభవంతో తేల్చుకున్న నియమం పరిస్థితులు మారిపోయాక తర్వాతి తరాన్ని ఎంతవరకు బంధిస్తుందన్న పాత ప్రశ్న అందులో ఉంది.

ముందుగా పెద్దవాళ్ల పక్షాన చెప్పాల్సింది చెప్పాలి. వాళ్లు తప్పు చెప్పలేదు. పెట్రోలు ద్రవంగా ఉండగా సరిగా మండదు, ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన తొలి మారుతి 800 అన్నిట్లోనూ ఆ కలిపే పని కార్బురేటర్‌ది. సన్నని గొట్టంలోంచి గాలి వేగంగా లోపలికి పోతుంటే, అక్కడ పీడనం తగ్గి పెట్రోలు తుంపరగా పీల్చుకుపోతుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. చలిగా ఉంటే తుంపర ఆవిరి కాక, ఇంజన్‌లోకి వెళ్లే దారి గోడలకు చెమ్మలా అంటుకుంటుంది. సిలిండర్‌లోకి చేరేది గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అందుకే డాష్‌బోర్డు కింద చోక్ అనే పిడి ఉండేది. దాన్ని లాగితే గాలి దారి మూసుకుని, పెట్రోలు పాలు పెరిగి, బండి ఎలాగో అందుకునేది. చోక్ లోపలికి నెట్టిన వెంటనే కదిలిస్తే జర్కులిచ్చి నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఆ కాలపు ఇంజన్ ఆయిలు కూడా చలికి బాగా చిక్కబడేది. అలాంటి బండిని అయిదు నిమిషాలు నిలబెట్టి వేడెక్కించడం మూఢనమ్మకం కాదు. అది వడ్లను దంచడం. తీయాల్సిన పొట్టు అక్కడ నిజంగానే ఉంది.

ఆ పొట్టును వదిలించిన ఆవిష్కరణ 1967లో వచ్చింది. ఆ ఏడాది బాష్ కంపెనీ తయారు చేసిన ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వ్యవస్థ ఫోక్స్‌వాగన్ 1600 కారులో అమ్మకానికి వచ్చింది. పెట్రోలు గాలివాటున పీల్చుకుపోవడం పోయి, కొలిచిన మోతాదులో, ఒత్తిడితో, సన్నని రంధ్రాల గుండా చిమ్మడం మొదలైంది. మన దేశంలో 2000 సంవత్సరం చుట్టుపక్కల కాలుష్య ప్రమాణాలు బిగుసుకోవడంతో కార్ల వెనక ఈ ఇంజెక్షన్‌ను సూచించే ఎంపీఎఫ్ఐ అన్న అక్షరాలు మెరిశాయి. డాష్‌బోర్డు మీంచి చోక్ పిడి మాయమైంది. ఇప్పుడు కూలెంట్ ఎంత చల్లగా ఉందో ఒక సెన్సార్ చెబుతుంది. ఆ చలికి ఎంత పెట్రోలు అదనంగా కావాలో కంప్యూటర్ తేలుస్తుంది. యజమాని చేయవలసిన పని ఏమీ మిగల్లేదు. ఆయిలు కూడా మారింది. 20డబ్ల్యూ-50 స్థానంలో వచ్చిన 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 లాంటి ఆయిళ్లు చలిలోనూ పల్చగా పారుతూ, స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలోనే బేరింగులకు చేరతాయి.

కారు మారింది. సలహా మాత్రం అలాగే నిలిచింది.

ఎందుకు నిలిచిందో అర్థం చేసుకోవడానికి మన తర్కశాస్త్రం దారి చూపిస్తుంది. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈనాటికీ తర్కం నేర్చుకునే విద్యార్థికి మొదటి పుస్తకం. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది కాబట్టి, కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహించవచ్చు. తర్కశాస్త్ర పరిభాషలో ఇది సరైన అనుమానం, అంటే సరైన ఊహ. దీన్ని తిరగేసి, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే కుదరదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావడానికి నిప్పొక్కటే చాలదు, తడి కట్టె కూడా ఉండాలి. బయటికి కనిపించకుండా ఫలితాన్ని నడిపించే ఇలాంటి షరతును తర్కశాస్త్రవేత్తలైన నైయాయికులు ఉపాధి అన్నారు. వంటింట్లో ఎప్పుడూ పచ్చి కట్టెలే వాడిన మనిషికి నిప్పు, పొగ విడదీయలేని జంటగానే తోస్తాయి. తడి కట్టె సంగతి ఆయనకు తట్టదు. ఎందుకంటే అది లేని పొయ్యిని ఆయన ఎన్నడూ చూడలేదు.

చల్లటి ఇంజన్‌ని వేడెక్కించాలన్న నియమానికి కార్బురేటర్ అలాంటి ఉపాధి. ముప్పై ఏళ్లు కార్బురేటర్ బండ్లే నడిపిన మనిషికి చలికాలం, మొరాయించే ఇంజన్, వేడెక్కించడం ఈ మూడూ ఎప్పుడూ కలిసే కనిపించాయి. వాటిని కలిపి కట్టింది కార్బురేటర్ అని వేరుగా గుర్తించే అవకాశం ఆయనకు రాలేదు. కాబట్టి కొడుక్కి చెప్పేటప్పుడు చలి సంగతి చెప్పాడు, ఇంజన్ సంగతి చెప్పాడు, కార్బురేటర్‌ను వదిలేశాడు. సలహా చేతులు మారింది కానీ దాని షరతు మాత్రం వెంట రాలేదు. తరాల మధ్య జ్ఞానం ఎక్కువగా ఇలాగే జారిపోతుంది. చెప్పినవాడిలో అజ్ఞానం లేదు, విన్నవాడిలో మూర్ఖత్వం లేదు.

దీనికి చాలామంది ఇచ్చే సమాధానం ఒకటుంది. సరే, అవసరం లేకపోవచ్చు, చేస్తే నష్టమేంటి? పెద్దవాళ్లు చెప్పారంటే మనకు తెలియని మేలు ఏదో అందులో ఉండే ఉంటుంది కదా?

ఈ వాదనను మీమాంసకులు ముందే ఎదుర్కొన్నారు. వడ్ల పొట్టు గోళ్లతో గిల్లి కూడా తీయవచ్చు. అయినా రోకలితోనే దంచమని శాస్త్రం చెప్పింది కాబట్టి, ఆ దంపుడులో కంటికి కనిపించని పుణ్యం కూడా కొంత ఉందని వాళ్లు ఒప్పుకున్నారు. అలా ఒప్పుకుని కూడా బంగారం దగ్గరికి వచ్చేసరికి దంపుడును వదిలేశారు. కనిపించని మేలు కనిపించే పనిని ఆధారం చేసుకునే నిలుస్తుంది. పొట్టు తీసే పనే లేనప్పుడు, దాన్ని ఫలానా విధంగా తీయడం వల్ల వచ్చే పుణ్యానికి చోటెక్కడ? వేదంలోని ప్రతి అక్షరాన్నీ తలకెత్తుకున్న సంప్రదాయమే ఇంత నిక్కచ్చిగా ఉంటే, ఇంజన్ విషయంలో ఏదో ఉండే ఉంటుందన్న మాటతో సరిపెట్టుకోవడం శ్రద్ధ అనిపించుకోదు.

పైగా నష్టం లేదన్నది నిజం కాదు. చల్లగా ఉన్నంతసేపు కంప్యూటర్ అదనపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. అందులో ఆవిరి కాని భాగం సిలిండర్ గోడల మీది ఆయిలు పొరను కడిగేస్తుంది, కొంత కిందికి జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. నిలబడి ఉన్న ఇంజన్ చేసే పని తక్కువ కాబట్టి పుట్టే వేడీ తక్కువే. కూలెంట్ దాని మామూలు ఉష్ణోగ్రతకు, అంటే దాదాపు 90 డిగ్రీలకు, చేరడానికి నెమ్మదిగా నడుస్తున్న కారుకంటే ఆగి ఉన్న కారుకే ఎక్కువసేపు పడుతుంది. ఇంజన్‌ను కాపాడాలని నిలబెట్టిన మనిషి, దానికి అరుగుదల ఎక్కువగా ఉండే దశనే పొడిగిస్తున్నాడు. గేర్‌బాక్సు, చక్రాల బేరింగులు, టైర్లు అయితే బండి కదిలితే తప్ప వేడెక్కవు.

పెట్రోలు లెక్కా చిన్నది కాదు. ప్రయాణికుల కారు నిలబడి ఉన్నప్పుడు గంటకు పావు గాలన్ నుంచి అర గాలన్ దాకా, అంటే సుమారు ఒకటి నుంచి రెండు లీటర్లు తాగుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. పది నిమిషాలకు దాదాపు 160 నుంచి 320 మిల్లీలీటర్లు. డిసెంబరు, జనవరి రెండు నెలలూ రోజూ ఇలా చేసే ఇంటికి అది దాదాపు పది నుంచి ఇరవై లీటర్ల ఖర్చు.

అంతకంటే పెద్ద సంగతి పొగ. సైలెన్సర్ దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ విషవాయువుల్ని శుద్ధి చేస్తుంది, అయితే అది 250, 300 డిగ్రీల దాకా వేడెక్కితేనే పని మొదలుపెడుతుంది. ఆగి ఉన్న బండి నుంచి వచ్చే పొగ చల్లన కాబట్టి కన్వర్టర్ ఆలస్యంగా మేలుకుంటుంది. ఈలోగా సరిగా మండని ఇంధనపు ఆవిర్లు, కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలుస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి వదిలేస్తే ప్రాణాలు తీస్తుంది. గాలి ఆడని సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఓ మూల గదిలో నిద్రపోతున్న పొద్దున, పైఅంతస్తు వాళ్ల అలవాటు ఎవరి ఊపిరితిత్తుల్లోకి చేరుతోందన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

నమ్మకం ఎవరి ఇష్టం వారిదన్న మాటకు ఇక్కడే హద్దు పడుతుంది. ఇంగ్లండుకు చెందిన గణితవేత్త విలియం క్లిఫర్డ్ 1877లో ప్రచురించిన ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్ వ్యాసంలో ఒక ఓడ యజమాని ఉదాహరణ ఇచ్చాడు. ఓడ పాతబడింది, మరమ్మతు చేయించాలేమోనన్న అనుమానం యజమానికి కలుగుతుంది. ఇన్నిసార్లు క్షేమంగా తిరిగొచ్చింది కదా అని తనకు తాను నచ్చజెప్పుకుని వలస ప్రయాణికుల్ని ఎక్కించి పంపేస్తాడు. ఓడ మునిగిపోతుంది. మునగకుండా గమ్యం చేరి ఉన్నా ఆయన దోషం రవ్వంత కూడా తగ్గేది కాదంటాడు క్లిఫర్డ్. పరీక్షించి చూడకుండా నమ్మడమే తప్పు, ఎందుకంటే ఆ నమ్మకం మీద ఇతరుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. పది నిమిషాల పొగను ఓడ ప్రమాదంతో సమానం చేయలేం. కానీ లక్షల సెల్లార్లలో, లక్షల ఉదయాల్లో జరిగేదాన్ని కలిపి చూస్తే, అలవాటు సొంత వ్యవహారంగా మిగలదు. జర్మనీ ట్రాఫిక్ నిబంధనల్లో అవసరం లేకుండా ఇంజన్ నడపడం నిషేధమని 30వ సెక్షన్‌లో రాసుకున్నారు. నిలబెట్టి వేడెక్కించడం కూడా అక్కడ జరిమానా పడే పనే.

అయితే పొట్టు లేదని తెలిసిన వెంటనే వంట మొత్తం మానేయడం కూడా తొందరపాటే. బంగారు తునకల విషయంలో మీమాంసకులు అక్కడితో ఆగలేదు. దంపుడు పోయింది సరే, ఉడికించడం కూడా పోవాలి కదా అన్న ప్రశ్న వేసుకున్నారు. బంగారం ఉడికి మెత్తబడేది లేదు. అయినా ఉడికించాల్సిందేనన్నారు. నేతిలో ఉడికించమని ఆ యజ్ఞానికే ప్రత్యేకంగా, నేరుగా చెప్పిన మాట ఉంది కాబట్టి. పాత నియమాల మూటలోంచి ఒకటి జారిపోతే మిగతావన్నీ జారిపోవు. ఒక్కోదాన్ని విడదీసి దాని ఆధారం దాన్నే అడగాలి.

ఇంజన్ విషయంలో అలా నిలిచే భాగం ఉంది. స్టార్ట్ చేశాక ఆయిలు పైదాకా చేరడానికి అర నిమిషం ఇవ్వడం సబబు. సీటు బెల్టు పెట్టుకుని అద్దాలు సర్దుకునేసరికి అది గడిచిపోతుంది. ఆ తర్వాత అయిదు పది నిమిషాలు మెల్లగా నడపాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకూడదు. టర్బో ఉన్న బండి అయితే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి, టర్బో బేరింగులు ఇంజన్ ఆయిలు మీదే తిరుగుతాయి. తండ్రి చెప్పిన దాంట్లో అసలు సారం చల్లటి ఇంజన్‌ను బాధపెట్టకు అన్నది. అది ఈ కార్లకూ చెల్లుతుంది. ఆగి ఉండు అన్న భాగమే చెల్లదు.

పొట్టు ఇంకా ఉన్న చోట్లూ లేకపోలేదు. భారత్ స్టేజ్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చేదాకా మన రోడ్ల మీది బైకుల్లో అధికభాగం కార్బురేటర్‌తోనే నడిచాయి. లంబసింగిలో వణికించే పొద్దున అలాంటి పాత బైకు తీసేవాడు చోక్ వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగడం న్యాయమే. చిన్న విమానాల పిస్టన్ ఇంజన్‌ను రన్‌వే ఎక్కే ముందు వేడెక్కించి, వేగం పెంచి పరీక్షిస్తారు. కొన్ని క్షణాల్లో దాని నుంచి పూర్తి శక్తి కావాలి, గాల్లో మొరాయిస్తే పక్కకు ఆపుకునే వీలుండదు. ఫార్ములా వన్ ఇంజన్‌లో భాగాల మధ్య సందు ఎంత బిగువంటే, స్టార్ట్ చేయడానికి ముందే బయటి నుంచి వేడి ద్రవాన్ని ఎక్కిస్తారు. మిన్నెసోటాలోనో కెనడాలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబం సున్నాకు 25 డిగ్రీల కింద గడ్డకట్టిన పొద్దున, అద్దాల మీది మంచు కరిగి రోడ్డు కనిపించేదాకా ఆగుతుంది. అది ఇంజన్ కోసం కాదు, కళ్ల కోసం. అక్కడ ఇంజన్‌కు కావాల్సిన వేడిని రాత్రంతా ప్లగ్గుకు తగిలించిన బ్లాక్ హీటర్ ఇస్తుంది. ఈ ఉదాహరణలన్నిటిలో వేడెక్కించడానికి పేరు పెట్టి చెప్పగల కారణం ఉంది. కారణం ఉన్నచోట నియమం తల ఎత్తుకునే నిలబడుతుంది.

ఇంత సాంకేతికం సామాన్యుడికి ఎలా తెలుస్తుంది? తండ్రి మాటను వదిలి ఇంకొకరి మాట పట్టుకోవడమే కదా? ఇది న్యాయమైన ఆక్షేపణ. కూలెంట్ సెన్సార్‌ను ఎవరూ ఇంట్లో విప్పి చూడరు. జ్ఞానంలో ఎక్కువ భాగం ఇతరుల మాట మీదే ఆధారపడుతుందని నైయాయికులకు తెలుసు, అందుకే శబ్దాన్ని, అంటే ఇతరులు చెప్పిన మాటను, కూడా ప్రమాణంగా లెక్కించారు. దానికొక నిబంధన పెట్టారు. చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. ఆప్తుడంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడు. వయసు, బంధుత్వం, గొంతులోని నమ్మకం ఆ లెక్కలోకి రావు. పద్మిని విషయంలో నాన్న ఆప్తుడు. నిన్న కొన్న కారు విషయంలో ఆ కారును తయారు చేసినవాళ్లు గ్లవ్‌బాక్సులో పెట్టి ఇచ్చిన పుస్తకం ఆప్తవాక్యం. యూరప్ కార్ల పుస్తకాల్లో చాలావరకు నిలబెట్టి వేడెక్కించవద్దు, వెంటనే మెల్లగా బయల్దేరండి అనే ఉంటుంది. నాన్న పట్ల గౌరవానికి దీనితో లోటు రాదు. ఆయన తన బండిని గమనించి నేర్చుకున్నట్టే, కొడుకు తన బండిని గమనించి నేర్చుకోవడం ఆయన దారిలో నడవడమే.

ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా కాపాడుకోవాలి. దసరా ఆయుధపూజ నాడు బండి కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఆ నిమ్మకాయ ఏ భాగాన్ని బాగుచేస్తుందని అడగడం ప్రశ్నే కాదు. పెట్టినవాడు ఇంజన్ గురించి ఏమీ చెప్పడం లేదు. తన కుటుంబాన్ని మోసే వస్తువు ముందు చేతులు జోడిస్తున్నాడు. కనిపించే ఫలితం కోసం చేసే పని వేరు, కనిపించని దాని కోసం చేసే పని వేరు అని శాస్త్రమే విడదీసింది. కారు తాళం తిప్పి దేవుణ్ణి తలచుకుని అర నిమిషం కళ్లు మూసుకునేవాడికి ఎవరూ అడ్డు చెప్పనక్కర్లేదు. ఇంజన్‌కు మంచిదని పది నిమిషాలు పొగ వదిలేవాడు మాత్రం కంటికి కనిపించే ఫలితం గురించి మాట్లాడుతున్నాడు కాబట్టి, దానికి ఆధారం చూపాలి. రెండిటినీ కలగలిపితే భక్తికీ అన్యాయమే, విజ్ఞానానికీ అన్యాయమే.

విద్యుత్ కార్లతో ఇదే ప్రశ్న కొత్త రూపంలో వస్తోంది. అందులో కార్బురేటర్ లేదు, సిలిండర్ లేదు, ఇంజన్ ఆయిలే లేదు. అయినా చలిదేశాల్లో బయల్దేరే ముందు, ఫాస్ట్ చార్జింగ్‌కు వెళ్లే ముందు బ్యాటరీని వేడెక్కిస్తారు. చల్లటి లిథియం అయాన్ బ్యాటరీ చార్జిని నెమ్మదిగా మాత్రమే తీసుకోగలదు కాబట్టి. ఆ వేడిని చార్జర్‌కు తగిలించి ఉండగానే ఇస్తే బ్యాటరీలోని కరెంటు ఖర్చు కాదు, సెల్లార్‌లో పొగా రాదు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల ఎండకు ఆ సలహాను యథాతథంగా తెచ్చుకుంటే తలకిందులవుతుంది. ఇక్కడ బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది వేడి. అందుకే నీడలో నిలపడం, ఎండలో నూరు శాతం చార్జితో గంటల తరబడి వదిలేయకపోవడం ఇక్కడి యజమాని నేర్చుకోవలసిన పద్ధతులు. పిల్లలకు ఆ సంగతి చెప్పే రోజు వచ్చినప్పుడు, ఇది లిథియం బ్యాటరీ కాబట్టి ఇలా, ఇది మన ఎండలకు కాబట్టి ఇలా అని కారణాన్ని కూడా కలిపి చెబితే, బ్యాటరీ మారిన నాడు వాళ్లు ఏది వదిలేయాలో, ఏది ఉంచుకోవాలో తామే తేల్చుకోగలుగుతారు.